ఎండకు కనబడని పడవ

ఉదయం తొమ్మిదింబావుకు, పడవకు నీడ పడటం లేదని మజ్జి హైమావతి గమనించింది. పదకొండింటికి విచారణ.

ఆమె కంటితొడుగు బిగించుకుని, సంఘటనా స్థలానికి యంత్రం కట్టిన నకలులోకి, ప్రతిస్థలంలోకి దిగి ఎంతోసేపు కాలేదు. కొత్తరేవు పడవల మరమ్మతు ప్రాంగణంలో నేల, గోడ, క్రేను, నూనె మరకలు అన్నీ కొలతల ప్రకారం ఉన్నాయి. అక్కడి ఎండ, సంఘటన జరిగిన రోజు మధ్యాహ్నం మూడున్నర నాటిది. దిమ్మెల మీద నిలబెట్టిన పడవ ఆ పడమటి ఎండకు అడ్డంగా ఉంది. దానికి తూర్పున, మైలపల్లి దానయ్య నిలబడిన చోట, నల్లచొక్కా తొడిగిన బొమ్మ ఉంది. బొమ్మ మీద ఎండ పడుతోంది. క్రేనుకు నీడ ఉంది. గోడకు నీడ ఉంది. పడవకు లేదు.

ఆ రోజు క్రేను దించుతున్న ఇంజను దానయ్య మీద పడింది. అతను అక్కడికక్కడే చనిపోయాడు. నీడలో మనిషి కనబడలేదని క్రేను నడిపిన కూన శ్రీహరి చెప్పాడు. పొద్దున వాళ్లిద్దరికీ గొడవైందని సాక్షులు చెప్పారు. చూసి దించితే హత్య, చూడక దించితే ప్రమాదం. ఏదన్నది చూపుతూకం తేలుస్తుంది. శ్రీహరి కూర్చున్న చోటు నుంచి, ఆ వెలుగులో, మనిషి కంటికి ఆనతాడా లేదా అని యంత్రం లెక్క వేస్తుంది. న్యాయమూర్తి ప్రతిస్థలంలో ఒకసారి నడిచి చూసి, ఆ తూకం చదువుతారు. తూకానికి విరుద్ధంగా ఇంతవరకు ఏ తీర్పూ రాలేదు. నిన్న వేసిన తూకంలో ‘కనబడ్డాడు’ అని ఉంది.

వెలుగు సరిగ్గా ఉందని సంతకం పెట్టడమే వెలుగరిగా హైమావతి పని.

ముందు ఎండను అనుమానించింది. సూర్యుణ్ణి కాస్త దించింది, కాస్త ఎత్తింది. మిగతా నీడలు కదిలాయి. పడవకు నీడ పుట్టలేదు. నీడ మీట ఎవరైనా ఆపేశారేమో చూసింది. ఆపలేదు. యంత్రంలో సిద్ధంగా ఉండే నమూనాల భాండారం నుంచి మామూలు పడవను తెచ్చి అదే చోట పెట్టింది. నీడ పడింది. దాన్ని తీసేసి పాత పడవను పెట్టింది. నీడ పోయింది. తప్పు ఎండలో లేదు, పడవలోనే ఉంది.

ఆ పడవ సొంతకట్టు. భాండారంలో దొరకని వస్తువును చనిపోయినవారి ఇంటివాళ్లు కట్టి ఇవ్వవచ్చు. అది వాళ్ల హక్కు. ఒప్పుకుంటూ వాళ్ల అరచెయ్యి ముద్ర పడకుండా అందులో ఒక్క పలకను కూడా ఎవరూ కదపకూడదు. ఈ పడవను దానయ్య అన్న ఎర్రయ్య కట్టాడు. అసలు పడవను కట్టింది కూడా ఆయనే.

హైమావతి దిక్కురంగు వేసింది. బయటికి చూసే పలకలు నీలంగా, లోపలికి చూసేవి ఎర్రగా కనబడాలి. పడవ మొత్తం ఎర్రగా వచ్చింది.

ఆమె పడవలోకి ఎక్కి కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే ప్రతి పలకా ఆమె వైపే తిరిగి ఉంది. రేవులో వడ్రంగులు పడవ అయ్యాక లోపల కూర్చుని, సందుల్లోంచి పగటి వెలుతురు వస్తోందా అని చూస్తారు. వెలుతురు వచ్చిన చోట నీరు వస్తుంది. ఎర్రయ్య చేతితొడుగులు వేసుకుని ఈ పడవను కూడా అలాగే కట్టాడు. లోపల కూర్చుని, ఒక్కో పలకనూ తనవైపు తిప్పుకుని.

ప్రతిస్థలంలో పలకకు ఒకే వైపు ఉంటుంది, వెనక నుంచి చూస్తే అది లేనట్టే. అలాంటి పడవ బయటి నుంచి చూస్తే అసలు కనబడకూడదు. యంత్రంలో లోపాలు సర్దే భాగం, సర్దుకం, దాన్ని కనబడేలా చేసింది. సొంతకట్టుల్లో ఇలాంటి లోపం ఉంటే సర్దుకం తనంతట తాను కప్పేస్తుంది. పలకకు రెండో వైపు కూడా రంగు పూస్తుంది. అయితే అది కంటి కోసం వేసిన పూత. ఎండ లెక్కకు అసలు వైపే వైపు; ఎండ మొదట తాకే పలక వెనక వైపైతే ఆ వస్తువునే లెక్కలోంచి వదిలేస్తుంది. కంటికి పడవ ఉంది. ఎండకు లేదు.

పడవకు నకలు తీసి, పలకలన్నీ బయటికి తిప్పి చూసింది. నీడ బొమ్మ మీదుగా సాగి, అవతల గోడ మొదలు దాకా పడింది. చూపుతూకం మళ్లీ వేసింది. ‘తేల్చలేం’ అని వచ్చింది.

ఆమె తొడుగు తీసి పర్యవేక్షకుడు గొర్లె ప్రభాకర్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది.

"పైకి బాగుందా?" అన్నాడు ప్రభాకర్.

"బాగుంది సార్."

"మరింకేటి? జడ్జిగారు చూసేది పైకే కదా."

"తూకం వేసేది ఎండతో కదా సార్. ఆ తూకంతో మనిషి జన్మంతా లోపలుంటాడు."

"పడవలో తప్పుందని రాయాలంటే ఇంటాయన చెయ్యి పడాలి. పడుతుందేటి? పడదు. ఇక సర్దుకం తప్పని రాశావనుకో, అది తగిలిన ప్రతి కేసూ రాష్ట్రమంతా ఆగిపోద్ది. నీకు పొద్దున టిఫిన్ దొరకలేదా హైమా? సంతకం పెట్టి కాఫీ తాగు."

"ఎర్రయ్యగారిని అడిగి వస్తాను."

"అడుగు. ఫలితం మాత్రం చెప్పకు. చెబితే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

ఎర్రయ్య సాక్షుల హాల్లో బల్ల చివర కూర్చున్నాడు. అరవై దాటినవాడు. ఆమె పక్కన కూర్చుని చేతితెర తెరిచి, ఎర్రటి పడవను చూపించింది.

"ఎర్రయ్యగారూ, మీ పడవ పలకలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి. బయటికి తిప్పాలి. దానికి మీ చెయ్యి కావాలి."

"లోపలికే సూడాల తల్లీ. లోపల కూకోకపోతే పడవ సంగతేటి తెలుస్తాది?"

"నిజం పడవకు అంతే. దీంట్లో అలా ఉంటే నీడ పడదు."

"పడకపోతే ఏటి? మా రేవులో నీడెక్కడేడిసింది? ఎండకి మాడిపోయినోళ్లమే అందరిమీ." ఆయన నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "ఏటమ్మా, నీడతో నీకేటి పని?"

"మీ తమ్ముడు నిలబడిన చోట పడాల్సిన నీడ అది."

ఎర్రయ్య చేతితెర వైపు చూశాడు.

"తిప్పితే ఆ శ్రీహరిగాడు ఎల్లిపోతాడా?"

"అది నేను చెప్పకూడదు."

"సెప్పకూడదంటే సెప్పినట్టే."

హైమావతి హాలు తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు.

"వెళ్లిపోతాడో లేదో నాకు తెలీదు. మీ తమ్ముణ్ణి చూశాడని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ వేళ పడవ నీడ అక్కడ ఉందా లేదా, మీరు చెప్పండి."

"ఉంది." ఎర్రయ్య గొంతు హెచ్చలేదు. "ఎండెక్కువగుందని నానే అక్కడికెల్లి నిలబడమన్నాను. నువ్వే సూసినట్టు మాటాడకు."

"అయితే..."

"అయితే లేదు, గియితే లేదు. పొద్దున్న మావోడి పీక పట్టుకున్నాడు ఆడు. మజ్జేనానికి ఇంజను దించినాడు. ఆడి కళ్లకి ఏటి కనబడ్డాదో నీ మిషనుకి తెలుసా?"

"తెలీదు. అందుకే తేల్చలేం అంది."

"నాకు తెలుసు." ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. "నా పడవలో ఒక్క పలకా తిప్పనివ్వను. ఎవుల్తో సెప్పుకుంటావో సెప్పుకో. మావోడు పోనాడు తల్లీ. నీకు నీడే కనబడతంది."

ఆమె చేతితెర మూసి లేచింది. ఆయన తలెత్తలేదు.

వెలుగు గదికి తిరిగి వచ్చేసరికి పదకొండుకు పది నిమిషాలుంది. శ్రీహరిని కోర్టు హాల్లో బోనులోకి తెచ్చి కూర్చోబెట్టడం గది తెర మీద కనబడింది. ముప్పై ఏళ్లవాడు, గుండు చేయించుకున్నాడు. ఎవరో మంచినీళ్లు ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

సంతకం గడి తెరుచుకుంది. అందులో మూడు దారులు ఉన్నాయి. వెలుగు సరిగ్గా ఉంది. సొంతకట్టులో తప్పుంది, ఇంటివారి అంగీకారం జతచేయాలి. సర్దుకంలో తప్పుంది. మూడో దారిని ఇంతవరకు ఏ వెలుగరీ ఎంచుకోలేదు.

ప్రభాకర్ ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు.

మూడో దారిని ఎంచుకుని, కారణం గడిలో రాసింది: ‘సర్దుకం పలకను కంటికి చూపిస్తుంది, ఎండకు చూపించదు. ఇది పడవకే పరిమితం కాదు.’ యంత్రం నిర్ధారణ అడిగింది. ఇచ్చింది.

మొదట కొత్తరేవు ప్రతిస్థలం ఆరిపోయింది. తర్వాత పక్క గదుల్లో తెరలు ఆరిపోయాయి. వరండాలో ఎవరో కరెంటు పోయిందా అని అడిగారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

ప్రభాకర్ మెట్లు దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు.

"ఏం చేశావో తెలుసా?"

"తెలుసు సార్."

"నీకు తెలీదు. కొత్త కేసులే ఆగుతాయనుకున్నావు."

పదకొండింటికి విచారణ మొదలు కాలేదు. శ్రీహరిని వెనక్కి తీసుకెళ్లారు. అతని మీద ఉన్న తూకం రద్దయింది, అభియోగం రద్దు కాలేదు. ఎర్రయ్యను ఇంటికి వెళ్లమన్నారు, వెళ్లలేదు.

మధ్యాహ్నం నుంచి, తీర్పు అయిపోయిన కేసులు కూడా వాటంతట అవే తెరుచుకోసాగాయి. మొదట తెరుచుకున్నది ఒక మేడమెట్ల కేసు. మెట్లు సొంతకట్టు. శిక్ష పడిన ఆడమనిషి నాలుగేళ్లుగా జైల్లో ఉంది. వెలుగు సరిచూసినవారి పేరు మజ్జి హైమావతి.