డబ్బా మీది మాట

షెడ్డు పైకప్పు రేకులకు చిన్న చిన్న కన్నాలున్నాయి. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి చుక్కలు చుక్కలుగా నేల మీదికి దిగుతోంది. ఆ చుక్కల మధ్య నిలబడి, మబ్బు అనే పిల్ల గొట్టంతో లారీ మీది మొక్కలకు నీళ్లు చల్లుతోంది.

మబ్బుకి అసలు పేరు వేరే ఉంది. ఎప్పుడు పిలిచినా ఆకాశంలో తేలుతూ ఉన్నట్టు చూస్తుందని పిన్ని ఈ పేరు పెట్టింది. అసలు పేరు ఇప్పుడు బడి హాజరు పట్టీలో మాత్రమే మిగిలింది.

లారీ అమ్మది. నడిపేదీ అమ్మే. ఈసారి లోడు పండ్ల మొక్కలు. లేత ఆకులన్నీ పక్క చెక్కల మీదుగా బయటికి తొంగిచూస్తున్నాయి. ఒక బుల్లి తోట చక్రాలెక్కి ప్రయాణానికి ముస్తాబైనట్టుంది. సాయంత్రం బయల్దేరితే కొండదారి మొత్తం చల్లటి వేళలోనే దాటేయొచ్చు. ఆలస్యమైతే రేపటి ఎండ దారిలోనే పట్టుకుంటుంది. మొక్కలు వాడిపోతాయి.

మిగిలింది ఒక్కటే పని. ఇంజన్ ఆయిల్ మార్చాలి.

పిన్ని మెకానిక్. లారీ కింద పడుకుని పాత ఆయిల్‌ని తొట్టిలోకి దించుతోంది. బయటికి ఆమె కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆయిల్ నల్లటి దారంలా, చప్పుడు లేకుండా జారుతోంది. లారీ కళ్లు మూసుకుని కల కంటోందని మబ్బుకి అనిపించింది. ఏం కల అయి ఉంటుంది? బహుశా దారి లేని చోట, మేఘాల మీద పరుగు పెడుతున్నట్టు...

ఆ ఆలోచనలో గొట్టం కాస్త పక్కకి తిరిగింది. గోడ వారగా ఉన్న రెండు పెద్ద డబ్బాల మీద తుంపర పడింది.

రెండూ బూడిద రంగువే. ఒకే కంపెనీ, ఒకే ఎత్తు, ఒకే మూత. ఒకటి అమ్మ డీజిల్ లారీకి. రెండోది పిన్ని దగ్గరికి రిపేరుకొచ్చే పెట్రోలు కార్లకి. రెండింటికీ బంగారు రంగు లేబుళ్లే. తడికి వాటి అంచులు మెల్లగా పైకి లేచాయి.

మబ్బు నీళ్లు కట్టేసి, వాటి ముందు కూర్చుంది. ఒక అంచుని గోటితో పట్టి లాగింది. లేబుల్ అరటిపండు తొక్కలా మెత్తగా, మొత్తంగా ఊడి వచ్చింది. ఎంత హాయిగా ఉందో! రెండోదీ లాగింది. రెండింటినీ ఎండ చుక్కల కింద పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. గోడ మీద రెండు బంగారు చేపలు ఈదాయి. కలిశాయి, విడిపోయాయి, మళ్లీ కలిశాయి.

"మబ్బూ! దిగిరా తల్లీ, కిందికి! ఆ డబ్బాలు ఇటు దొర్లించు!" లారీ కిందనుంచి పిన్ని కేక వేసింది.

చేపలు ఆగిపోయాయి.

మబ్బు చేతిలో రెండు లేబుళ్లు. ఎదురుగా రెండు బోడి డబ్బాలు. ఏది దేనిది? కుడి చేతిలోది ముందు ఊడిందా? మధ్యలో చేతులు మారాయి కదా! పిన్ని కాళ్లు బయటికి జరుగుతున్నాయి. ఆమె ముఖం కనబడేలోగా మబ్బు ఒక లేబుల్ ఒక డబ్బాకి, రెండోది రెండో డబ్బాకి అద్దేసి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

'ఇదే అనుకుంటా' అనుకుంది. తర్వాత ఇంకేమీ అనుకోకుండా ఉండటానికి ప్రయత్నించింది.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పిన్ని ఒక డబ్బా లేబుల్ మీది గుండ్రటి గుర్తుని వేలితో తట్టింది. దాని పై సగంలో ఆంగ్ల అక్షరాలున్నాయి.

"చూడక్కా, 'సి' అక్షరంతో మొదలైంది. డీజిల్ బండిది. ఎస్ అయితే పెట్రోలుది. షాపులో ఏం జరిగిందో తెలుసా? ఇంకో డబ్బా అంటగట్టబోయాడు. దాని మీద ఇంత సింహం! జూలు విదిలిస్తూ! గుర్తు మాత్రం లేదు. 'సింహమంత బలం మేడమ్' అంటాడు. 'బాబూ, ఇంజన్లో సింహాన్ని పొయ్యం కదా' అన్నాను."

అమ్మ పకపకా నవ్వింది. మబ్బు నవ్వలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"పిన్నీ... ఆ గుర్తు ఎవరు వేస్తారు?"

"ఎవరు పడితే వాళ్లు వెయ్యడానికి లేదు. ముందు పరీక్షల గదిలో ఆ ఆయిల్‌ని నిజం ఇంజన్లలో పోస్తారు. రోజుల తరబడి తిప్పుతారు. తర్వాత విప్పి చూస్తారు. ఎక్కడ అరిగింది, ఎక్కడ మసి పేరుకుంది అని. అన్నీ బాగుంటేనే 'సరే' అంటారు. ఆ 'సరే'నే ఈ గుర్తు."

మబ్బు కళ్ల ముందు ఒక పొడవాటి గది తెరుచుకుంది. వరసగా ఇంజన్లు గుర్రుమంటున్నాయి. ఎవరో కళ్లద్దాలు సవరించుకుంటూ, వంగి చూస్తున్నారు. వాళ్లు అమ్మని ఎన్నడూ చూడలేదు. అయినా, అమ్మ ఒంటరిగా కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ ఆగకూడదని అంత ఓపికగా చూస్తున్నారు.

"మరి... డీజిల్ బండిలో పెట్రోలు కారు ఆయిల్ పోస్తే?"

"ఇవాళే ఏమీ తెలియకపోవచ్చు. డీజిల్ ఇంజన్లో మసి ఎక్కువ. ఆ మసిని పట్టి ఉంచే గుణం ఆ ఆయిల్లో చాలినంత ఉండదు. పైగా ఇంత బరువు, ఇంత ఎత్తు. లోపల్లోపలే అరిగిపోతుంది. ఏదో ఒక రోజు దారి మధ్యలో, మనుషులెవరూ లేని చోట మొరాయిస్తుంది." పిన్ని డబ్బా ఒంచి కూజాలోకి ఆయిల్ వంపింది. "ఏంటే ఇవాళ ఇన్ని ప్రశ్నలు? మబ్బు కురిసేలా ఉందే!"

ఆయిల్ తేనెలా మెరుస్తూ కూజా నిండింది. ఎంతో అందంగా ఉంది. అమ్మ గరాటు పట్టుకుంది. పిన్ని కూజా పైకెత్తింది.

ఆ పొడవాటి గదిలోని మనిషి తలెత్తి మబ్బు వైపే చూసినట్టయింది. 'నేను దీనికి సరే అనలేదే' అన్నట్టు.

"ఆగు పిన్నీ! పొయ్యొద్దు!"

కూజా గరాటు అంచు దగ్గరే ఆగిపోయింది.

"ఆ లేబుల్... నేనంటించాను. ముందు ఊడదీశాను. రెండూ. ఏది దేనిదో నాకు తెలీదు."

పిన్ని కూజాని కిందికి దించింది.

"తెలీకపోతే ఎందుకు అంటించావు?" అమ్మ మెల్లగా అడిగింది.

"నువ్వు తిడతావని."

"తిట్టేదాన్నే," అంది అమ్మ. "అందులో అనుమానం లేదు."

కానీ తిట్టలేదు. గరాటు పక్కన పెట్టి, లారీ మెట్టు మీద కూర్చుండిపోయింది. మబ్బుకి అదే ఎక్కువ బాధనిపించింది.

పిన్ని రెండో డబ్బాలోంచి కొంచెం గ్లాసులోకి వంచి, వెలుతురులో పట్టుకుంది. రెండూ వేళ్ల మధ్య రుద్దింది. వాసన చూసింది.

"రెండూ తేనెలానే ఉన్నాయక్కా. కంటితో చెప్పడం నా వల్ల కాదు. డబ్బాకి వేరే ఆనవాలూ లేదు. మళ్లీ కొనాల్సిందే. పదవే మబ్బూ, నువ్వూ రా."

షాపతను వాళ్లని చూడగానే సింహం డబ్బా ముందుకి తోశాడు. "ఇదీ అదే పాపా. నా మాట నమ్ము."

"మీరు దీన్ని ఇంజన్లో తిప్పి చూశారా అంకుల్?" అంది మబ్బు.

అతను సింహం డబ్బాని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. పిన్ని దగ్గు వచ్చినట్టు నటించి అటు తిరిగింది. మబ్బు అరల ముందు మోకాళ్ల మీద కూర్చుని, గుర్తు ఉన్న డబ్బా వెతికింది. పై సగంలోని అక్షరాలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. తర్వాత, మరోసారి చదివింది.

తిరిగొచ్చేసరికి ఎండ చుక్కలు నేల మీదనుంచి గోడ మీదికి ఎక్కాయి. మొక్కల ఆకులు కొద్దిగా వేలాడుతున్నాయి. అమ్మ అప్పటికే వాటికి మళ్లీ నీళ్లు చల్లింది. డబ్బా అందుకుని, తనూ గుర్తు చదివి, తలాడించింది. కొత్త ఆయిల్ బంగారు దారమై గరాటులోకి దిగింది.

"మబ్బూ, అమ్మ బయల్దేరుతోంది! ఎక్కడున్నావు?" పిన్ని పిలిచింది.

మబ్బు గోడ దగ్గర ఉంది. పాత డబ్బాల మీది బంగారు లేబుళ్లు మళ్లీ ఊడదీసి పక్కన పెట్టింది. వాటి చోట రెండు తెల్ల కాగితాలు అంటిస్తోంది. అమ్మ వచ్చి వంగి చదివింది.

'ఇందులో ఏ ఆయిల్ ఉందో తెలీదు. ఎవరూ పొయ్యకండి.'

"ఇంత పెద్ద అక్షరాలా!" అంది అమ్మ.

"దూరంనుంచే కనబడాలని."

అమ్మ మబ్బు తల మీద ఒక్కసారి చెయ్యి వేసి, లారీ ఎక్కింది. ఇంజన్ ఒళ్లు విరుచుకుని నిద్ర లేచింది. బుల్లి తోట ఊగుతూ, తలలూపుతూ, గేటు దాటింది. హారన్ మోగింది.

మబ్బు కూర్చున్న చోటనుంచే ఒక చెయ్యెత్తి ఊపింది. రెండో చేతిని మాత్రం కాగితం మీదనుంచి తియ్యలేదు. జిగురు ఇంకా ఆరలేదు.