లేవి ఇంటి అరుగు కాడ ఫోను

కోసిగి పక్కన మా ఊళ్లో, చీకటి పడ్డాక లేవి ఇంటి ముందు నుంచి ఎవరూ పోరు. పోయినవాళ్లకు నడుము కాడ, రొండిన ఏదో వణుకుతుందట... చెవి దగ్గర ఎవరో గొణుగుతారట.

ఆరేళ్ల కింద ఊరంతా మిరపకోతలకు గుంటూరు పోయినప్పుడు, లేవి తల్లి కృపమణి ఆ ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. కొడుక్కు కబురందేసరికి మూడు రోజులైంది. అప్పట్నుంచి ఆమె దారిన పోయేవాళ్లను ఆపి, "మావానికి ఫోన్ చెయ్యి" అంటుందని చెప్పుకుంటారు.

కర్నూలులో బి.ఏ. చదివే రోజుల్లో నాకు దయ్యాల మీద నమ్మకం పోయింది. మోకాళ్లు అరిగి, పొద్దుగూకితే గడప దాటలేని స్థితి వచ్చాక మళ్లీ పుట్టుకొచ్చింది. నా సంగతి ఎందుకులెండి. ఇది సుంకులమ్మ చెప్పగా విన్నది.

సుంకులమ్మకు నడుము పడిపోయింది, వలస పోదు. పోయేవాళ్లు ఇంటి తాళంచెవి, బ్యాంకు పుస్తకం ఆమెకే ఇచ్చిపోతారు. కూలికి పోయినచోట ఫోన్లు పోతుంటాయని, ఖాతాలన్నిటికీ ఆమె నంబరే రాయించారు. మొత్తం పదకొండు ఇళ్లు. రోజూ రాత్రి కూడు తిని, ఒక్కో తాళం లాగి చూసి వచ్చి పడుకుంటుంది. లేవి ఇల్లు చివరిది. భయమేసినా, ఒప్పుకున్న పని గదా అని చీకట్లో అదీ చూసే వస్తుంది.

ఆ రాత్రి లేవి తాళం మీద చెయ్యి వేసింది...

రొండిన వణికింది.

చెయ్యి తీసేసింది. మళ్లీ వణికింది — ఆగకుండా. ఎప్పుడూ ఇంట్లో పెట్టిపోయే ఫోను ఆ రోజు రొండిననే ఉండింది. తీసి చెవికి పెట్టుకుంది. గాలిలో తెగిపోతున్నట్టు ఒక మగగొంతు...

"మీ బ్యాంకు ఖాతా ఆగిపోయింది. ఈ రాత్రికే సరిచెయ్యాలి. లేకుంటే అంతా పోతుంది."

సుంకులమ్మ అరుగు మీద కూలబడింది. పదకొండు ఇళ్ల కోతల కూలి. వాళ్లొచ్చి అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

"ఫోనుకొక నంబరొచ్చింది. చదవండి," అంది గొంతు.

ఆమెకు అక్షరాలు రావు. బస్సుల మీద చూసి అంకెలు మాత్రం నేర్చుకుంది.

"నాలుగు..." అని ఆగింది.

"తర్వాత?"

"ఎవురిదప్పా ఆగిపోయింది? పేరు చెప్పు."

"మీదేనమ్మా. మీ పేరు మీదుండే మీ సొంత ఖాతా. తొందరగా చెప్పండి."

సుంకులమ్మ ఫోను పెట్టేసింది. మళ్లీ మోగింది. మోగనిచ్చి, లేచి, తాళం ఒకసారి లాగి చూసి ఇంటికి పోయింది.

తెల్లారి పదకొండు పుస్తకాలు మూటగట్టుకుని కోసిగి బ్యాంకుకు పోయింది. ఒక్క రూపాయి కదల్లేదు. "ఆ నంబరు మేం ఎప్పుడూ అడగం అవ్వా. అట్ల ఎవరడిగినా పెట్టేసి ఈడికి రా," అని, అక్కడ పనిచేసే శివజ్యోతి తనే ఫోను మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించింది. వలసవాళ్లు తిరిగొచ్చినాక ఎవరి నంబరు వాళ్లకు రాయించుకోమంది.

వణుకు సంగతీ తేలింది. మా ఊరు గుట్టల నడుమ గుంతలో ఉంది. సిగ్నలు అందేది ఆ అరుగు కాడ ఒక్కచోటే. పగలంతా ఆగిన మెసేజీలు అక్కడికి పోగానే ఒక్కపెట్టున వచ్చిపడతాయి; ఫోనెత్తితే మాట తెగి తెగి గొణిగినట్టు వినబడుతుంది. కృపమణిని ఇన్నేళ్లూ ఊరికే ఆడిపోసుకున్నాం.

"వాడు దొంగని నీకెట్ల తెలిసె సుంకులమ్మా?" అన్నాను.

ఆమె నా గడప మీద కూర్చుని నడుము ఒత్తుకుంది.

"సొంత ఖాతా అనె గదప్పా. పింఛను ఇంటికి తెచ్చి చేతిలో పెడతాండారు. నా పేరుతో బ్యాంకులో ఏముండాది? పుస్తకాలన్నీ ఊరోళ్లవే."