రద్దయిన పున్నమి ప్రయాణం

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి వెనక, బొరుగుల దుకాణం పైన, మేడగదిలో డిటెక్టివ్ ఖమ్రున్నీసా ఆఫీసు ఉంది. బోర్డు మీద ‘అన్ని రకాల విచారణలు’ అని రాసి ఉంటుంది గానీ, వచ్చేవాటిలో ముప్పాతిక వంతు పెళ్ళి సంబంధాల విచారణలే. పెళ్ళికొడుకు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా అని తేల్చడంలోనే ఆమెకు పదిహేనేళ్ళు గడిచాయి. సహాయకుడు తిరుపాల్ ఆర్టీసీలో కండక్టరుగా చేసి మానుకున్న మనిషి. ఆమె తెలివి మీద అతనికి ఎంత గురి అంటే, ఆమె ఊరికే తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్ముతాడు.

ఆ బుధవారం సాయంత్రం అయిదు గంటలకు ఇద్దరు పెద్దావిడలు మెట్లెక్కి వచ్చారు. మెట్ల దగ్గర బల్బు పోయి వారమైంది. ముందున్నావిడ పొడుగ్గా, చేతిసంచి గుండెకు అదుముకుని ఉంది. వెనకావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని, పెదవులు కదుపుతూ ఒక్కొక్క మెట్టే ఎక్కింది.

“నా పేరు హెలెన్. జమ్మలమడుగులో టీచరు పని చేసి రిటైరైనా. ఈమె యేసమ్మ, హాస్టల్లో వంట చేసేది. యాభై ఏండ్ల స్నేహం మాది,” అంది ముందున్నావిడ కుర్చీలో కూర్చుంటూ. “అమ్మా, నా ఇంట్లోనే నాకు గిట్టనోళ్ళు ఎవురో ఉండారు. నాకు భయమైతాంది.”

వేలమంది పిల్లల నోళ్ళు మూయించిన గొంతు అది.

“మొదట్నుంచి చెప్పండమ్మా,” అంది ఖమ్రున్నీసా.

హెలెన్ ముప్పై నాలుగేళ్ళు గోడ మీది దేశపటంలో బెత్తంతో రామేశ్వరాన్ని చూపించింది. సముద్రాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు. రామేశ్వరం పోయే రైలు పాంబన్ దగ్గర సముద్రం మీదుగా పోతుందని తెలిసినప్పటి నుంచి ఆమెకు ఆ లైను మీదే ధ్యాస. చర్చిలో తన ఈడు ఆడవాళ్ళను కూడగట్టింది. మొత్తం ఆరుగురు. గళ్ళ నోటుబుక్కులో నాలుగు నెలలు ప్లాను రాసింది. ఏ స్టేషన్లో ఏం తినాలో కూడా అందులో ఉంది.

“తిరుపతి నుంచి పోయే బండి తెల్లవారుజామున నాలుగింటికి సముద్రం మీదికి వస్తాది. పున్నమి పడేటట్టు క్యాలెండరు చూసి రోజు పెట్టినా. రెండు పక్కలా నీళ్ళు, పైన చంద్రుడు. ఆ ఒక్క చూపు కోసరమే ఇంత తిప్పలు,” అంది హెలెన్. “రెండు నెలల ముందే ఎర్రగుంట్లలో ఒకే ఫారం మీద ఆరు టిక్కెట్లు తీసుకున్యా. నిన్న చూస్తే రద్దయినాయి.”

“ఎవరు చేసినారు?”

“అదే తెలీదు. కౌంటర్లో అడిగితే, కంప్యూటర్లో చేసినారు, మీ ఫోన్‌కు వచ్చిన అంకెలు చెప్పినాకే రద్దయింది అన్నారు. చూస్తే నిజమే. ఆదివారం నాలుగు గంటలా పది నిమిషాలకు మెసేజి వచ్చిండాది. నేను వంటింట్లో టీ పెడతాండా, ఫోను ముందు గదిలో చార్జింగులో ఉండాది. ఇంట్లో ఉండింది నేను, ఈ యేసమ్మ, నా కోడలు ఏంజెల్, మా మరిది యేసుబాబు. అంతే.”

“ఆ దుడ్లు ఎవరికి పోయినాయి?”

“ఎవురికీ పోలేదు. అసలు టిక్కెట్టు చూపిస్తేనే ఇస్తారంట. అది నా బైబిల్లోనే ఉండాది.”

“అయితే ఇది దుడ్ల కోసం చేసింది కాదు,” అంది ఖమ్రున్నీసా. పెళ్ళి సంబంధాలు చూసి చూసి విసిగిన ఆమె ముఖంలో చాలా రోజులకు వెలుగు కనిపించింది.

తిరుపాల్ టీ గ్లాసులు అందించాడు. యేసమ్మ ముందు చాపిన గ్లాసు కాసేపు గాలిలోనే ఉండిపోయింది. చేతికి తగిలాక గబుక్కున అందుకుని, రెండు గుక్కల్లో తాగేసింది.

“హెలెనూ, పోదాం పా. పొద్దు గూకతాది,” అంది.

“తొమ్మిది దాకా బస్సులు ఉండాయి ల్యా. ఈమెకు ఎప్పుడూ ఇంతేనమ్మా. ముప్పై ఏండ్లు హాస్టలు పిల్లోళ్ళకు ఆరు గంటలకే రాత్రి కూడు పెట్టిన మనిషి,” అంది హెలెన్. అందరూ నవ్వారు. యేసమ్మ కూడా నవ్వింది.

లేచేముందు హెలెన్ గొంతు తగ్గించింది. “నా అనుమానం ఏంజెల్ మీదనే. నేను వారం రోజులు లేకుంటే పిల్లోళ్ళను చూసుకునేది ఆమెకు కష్టం. అదే నిజమైతే నేను ఆ ఇంట్లో ఉండను. వేరే గది చూసుకుంటా. పున్నమి ఇంక పన్నెండు రోజులే ఉండాది. సముద్రం పోతే పోనీ, ఎవురు చేసినారో తెలియకుండా ఆ ఇంట్లో అన్నం తినలేను.”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. తిరుపాల్ అదే అంటే, “ఆయనకు తీరిక ఉండదప్పా. మనకు ఉండాది,” అంది ఖమ్రున్నీసా.

మరునాడు ఇద్దరూ జమ్మలమడుగు వెళ్ళారు. ఏంజెల్ వార్డు సచివాలయంలో ఉద్యోగి. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“మీ అత్త పోవడం మీకు ఇష్టం లేదంట?”

“ఇష్టం లేకుంటే మొగం మీదే చెప్తా మేడం. దొంగతనం ఎందుకు?” ఏంజెల్ చేతిలోని స్మార్ట్‌ఫోన్ తెరిచి చూపించింది. “అత్త లేని వారం పిల్లోళ్ళను చూసుకునేదానికి నెల ముందే లీవు పెట్టుకున్యా. ఇదో చూడండి. ఆమె నన్ను అడిగుంటే ఇదే చూపిస్తాంటి. అడగలేదు. నాతో మాట్లాడేదే మానేసింది.”

యేసుబాబు చర్చి సంఘ పెద్దల్లో ఒకడు. రామేశ్వరం మానుకుని అందరూ వేళాంకణ్ణి మాత చర్చికి పోవాలన్నది అతని పట్టు.

“కోపం ఉండాదా అంటే ఉండాది,” అన్నాడు ఛాతీ విరుచుకుని. “మా వదిన నా మాట తీసి పక్కన పెట్టింది. అయితే నేను చాటుగా చేసే రకం కాదమ్మా. ఏముండినా చర్చి మైకులోనే చెప్తా. ఊరంతటికీ తెలుసు.”

ఊరంతటికీ తెలుసన్నది నిజమేనని తర్వాత నలుగురు చెప్పారు. అతని చేతిలోనూ పెద్ద స్మార్ట్‌ఫోనే ఉంది. మాట్లాడుతున్నంతసేపూ అందులో వీడియోలు వస్తూనే ఉన్నాయి.

అక్కడి నుంచి బస్టాండు పక్క మౌలాలి నెట్ సెంటర్‌కు వెళ్ళారు. హెలెన్ ఆ టిక్కెట్టుకు ఆరు జెరాక్సులు తీయించింది అక్కడే; ఆరుగురికీ ఒక్కొక్కటి పంచింది.

“మౌలాలీ, ఆదివారం నాలుగు పదికి నీకు ఎవరో ఫోన్ చేసి అంకెలు చెప్పినారు. ఎవరు?”

మౌలాలి కీబోర్డు మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. “ఆపా, నన్ను నమ్మి వచ్చినోళ్ళ పేరు చెప్తే రేపట్నుంచి నా అంగడి మెట్టు ఎవురూ ఎక్కరు. చెప్పను. నువ్వు ఏమన్నా అనుకో.”

“నువ్వు చెప్పల్సిన పని లేదు ల్యా. ఫోన్ రాలేదని అనలేదు గదా. చాలు.”

చివరికి చర్చి సందులో యేసమ్మ ఇల్లు. ఒంటరి మనిషి, ఒకటే గది. మూడు మెట్లు. మెట్ల అంచులకు బెత్తెడు వెడల్పున తెల్లటి సున్నం పూసి ఉంది. మధ్యాహ్నం మూడు గంటలప్పుడే గదిలో పెద్ద బల్బు వెలుగుతోంది. మంచం మీద సర్దిన సంచి ఉంది. మడతబెట్టిన చీరలు, కొత్త తువ్వాలు, పులివెందుల చీనీకాయలు అరడజను, రెండు బ్యాటరీ లైట్లు. పక్కనే డబ్బా లాంటి బటన్ల ఫోను.

“టిక్కెట్లు పోయినాయి గదమ్మా. సంచి ఇంకా విప్పలేదే?” అని అడిగింది ఖమ్రున్నీసా.

“విప్పబుద్ధి కాలేదు,” అంది యేసమ్మ. తిరుపాల్ వైపు తిరిగింది. “అప్పా, నువ్వు కండక్టరు పని చేసినావంట గదా. ఆ సముద్రం మీదికి పగటిపూట పోయే బండి యాదన్నా ఉండాదా?”

కనుక్కుని చెప్తానన్నాడు తిరుపాల్. తిరుగు బస్సులో, “మేడం, మైకాయన కాదు, కోడలు కాదు, ఇంక ఎవురు?” అని నాలుగుసార్లు అడిగాడు. ఖమ్రున్నీసా కిటికీలోంచి చూస్తూ, “పగటి బండి సంగతి కనుక్కో తిరుపాల్. కేసు అంతా దాంట్లోనే ఉండాది,” అంది. తిరుపాల్ మరుక్షణమే తనకు తెలిసిన మదురై డ్రైవరుకు ఫోన్ కలిపాడు.

ఆదివారం ప్రార్థన ముగిశాక, మధ్యాహ్నం మూడింటికి అందరూ హెలెన్ ఇంటి ముందుగదిలో చేరారు. మౌలాలిని కూడా పిలిపించారు. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఖమ్రున్నీసా మధ్యలో కుర్చీ వేసుకుంది.

“ఇది ఎట్లా జరిగిందో చెప్తా. ఎందుకు జరిగిందో చెప్తా. ఎవరు చేసినారో మాత్రం నేను చెప్పను. అది చేసిన మనిషి చెప్పల్ల,” అని మొదలుపెట్టింది. “ఆ రోజు హెలెనమ్మ ఫోను ఈ బల్ల మీద ఉండింది. తాళం తీయకున్నా మెసేజిలో అంకెలు పైకి కనిపిస్తాయి. చూసిన మనిషి వాటిని ఫోన్లో మౌలాలికి చెప్పింది. టిక్కెట్టు జెరాక్సు ముందే అతనికి ఇచ్చిండాది. స్మార్ట్‌ఫోన్ ఉండే వాళ్ళకు మౌలాలి ఎందుకు? తమంతట తామే చేసుకుంటారు.”

“ఏంజెల్‌కు తోడు ఎవురో ఉండారన్నమాట,” అంది హెలెన్ పెదవి బిగించి. “ఒప్పుకో ఏంజెల్. నలుగురి ముందర ఒప్పుకో. నేను రేపే గది చూసుకుంటా.”

ఏంజెల్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యేసుబాబు మొట్టమొదటిసారి ఫోను ఆపేశాడు.

మూలన కూర్చున్న యేసమ్మ లేచి నిలబడింది.

“ఆ పిల్లను ఏమీ అనొద్దు హెలెనూ. చేసింది నేను.”

“నువ్వా?” అంది హెలెన్. “నువ్వెందుకు చేస్తావు?”

“కూర్చోండమ్మా, కష్టమైన మాట నేను చెప్తా,” అంది ఖమ్రున్నీసా మెల్లగా. “టిక్కెట్లు పోయినాక అందరూ ఆశ వదులుకున్నారు. సంచి విప్పనిది ఈమె ఒక్కతే. అంటే ఈ ప్రయాణం అందరికంటే ఎక్కువ కావల్సింది ఈమెకే. మరి ఎందుకు రద్దు చేసింది? నా ఆఫీసు మెట్లు లెక్కబెట్టుకుంటూ ఎక్కింది. టీ గ్లాసు చేతికి తగిలితే గానీ అందుకోలేదు. ముప్పై ఏండ్లు పొద్దు గూకే లోపలే వంట ముగించింది. ఇంటి మెట్లకు సున్నం గీతలు, పట్టపగలు పెద్ద బల్బు. పగటి బండి ఉండాదా అని అడిగింది. హెలెనమ్మా, ఈమెకు రేచీకటి. మీ పున్నమి వెన్నెల ఈమెకు అమావాస్యే.”

యేసమ్మ తల ఊపింది. “చిన్నప్పట్నుంచీ ఉండాది. చెప్తే వంట పని ఇయ్యరని దాచినా. ఆ మాట అట్లే నిలిచిపోయింది. ఇప్పుడు పగలు కూడా అంచులు మసక. చూపు ఇంకో రెండేండ్లే అన్నాడు డాక్టరు. రైల్లో మీరంతా అదో సముద్రం, ఇదో సముద్రం అంటాంటే, నేను కూడా చూసినట్టు నటించల్ల గదా? అది నా వల్ల కాదనిపించింది. పగటి పూట పోదామా అని నిన్ను ఒకసారి అడిగితి. పున్నమి ముందర పగలెంత అన్న్యావు. రద్దు చేస్తే ఇంకో బండికి మార్చుకుంటావనుకున్యా. సీట్లు దొరకవని నాకు తెలీదు. ఏంజెల్ మీదికి పోతాదని అసలే అనుకోలేదు.”

హెలెన్ చివరిదాకా విన్నది. పాఠం చెప్పే మనిషికి వినడం కష్టమే. తర్వాత ఏంజెల్ దగ్గరికి వెళ్ళి, ఆమె తల మీద చెయ్యి వేసి, “తప్పు నాది తల్లీ,” అంది. నలుగురి ముందే అంది. అక్కడి నుంచి యేసమ్మ పక్కన వచ్చి కూర్చుంది.

“హాస్టల్లో ఉండేటప్పట్నుంచి పొద్దు గూకితే చాలు, నా చెయ్యి పట్టుకుంటాంటివి. యాభై ఏండ్లు. అది ప్రేమ అనుకుంటి.”

“అదీ ప్రేమే,” అంది యేసమ్మ.

తిరుపాల్ గొంతు సవరించుకున్నాడు. కేసులో అతనికి మాట్లాడే వంతు రావడం అరుదు. “మేడం చెప్పినట్టే కనుక్కున్యా. రిజర్వేషన్ అక్కర్లేదమ్మా. తిరుపతి నుంచి రాత్రి బస్సులో మదురైకి పోవచ్చు. ఆడ పొద్దున్నే రామేశ్వరం ప్యాసింజరు. అప్పటికప్పుడు టిక్కెట్టు. పొద్దున పది కొట్టే లోపల బండి సముద్రం మీద ఉంటాది. ఎండ మండిపోతాంటాది.”

హెలెన్ గళ్ళ నోటుబుక్కు తెచ్చి, పున్నమి పేజీకి అడ్డంగా ఒక గీత గీసి, పక్క పేజీలో తేదీ వేసింది. “మౌలాలీ, దీనికి ఆరు జెరాక్సులు తియ్యి,” అంది. ఖమ్రున్నీసా ఆ సాయంత్రం బస్సులో తిరుపాల్‌తో, “ఆమె ఇంకో నిమిషం లేవకుంటే, కేసు తేలలేదని చెప్పి ఫీజు వెనక్కి ఇచ్చేసి, ఏంజెల్ లీవు సంగతి ఒక్కటి హెలెనమ్మ చెవిన వేసి వస్తాంటి,” అంది. తిరుపాల్ ఆ మాటను నమ్మాడు. ఆమె ఏం చెప్పినా అతను నమ్ముతాడు, అది వేరే సంగతి.

మరో రెండు వారాలకు, ఒక గురువారం పొద్దున తొమ్మిదీ ముక్కాలుకు ఆఫీసు ఫోను మోగింది. తిరుపాల్ స్పీకర్ ఆన్ చేశాడు. గాలి హోరు, ఇనుప చక్రాల మోత, ఆ వెనక ఆడవాళ్ళ నవ్వులు.

“అమ్మా, నేను యేసమ్మను. సముద్రం మీద ఉండాం,” అంది గొంతు. “నీలంగా ఉంటాదని హెలెన్ చెప్తాంటే నమ్మలేదు. కొంచెం పచ్చగా కూడా ఉండాది. శానా ఉండాది. ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకొని, మన బోర్లు ఎండబెట్నాడు చూడు దేవుడు. రేపు పైకి పోయినాక అడుగుతా.”

ఖమ్రున్నీసా గట్టిగా నవ్వింది. “బాగా కనిపిస్తాందా అమ్మా?”

“ఎండలో బాగా కనిపిస్తాంది. ఈమెకు కండ్లల్లో నీళ్ళు, ఏమీ కనిపించల్యా. నేనే చెప్తాండా, అదో పడవ, ఇదో పక్షి అని.” వెనక ఆడవాళ్ళ నవ్వులు మళ్ళీ వినిపించాయి. “పగలే గదా అని హెలెన్ చెయ్యి ఇడుద్దామనుకున్యా. ఇడ్సలేదు.”