పార్కింగ్ మోడ్‌లో మనిషి

"ఈసారి ఎవర్నీ చంపక్కర్లేదు. ఒక డాష్ కెమెరా అమ్మాలి," అన్నాడు చీఫ్.

కిటికీల్లేని గది. బల్ల మీద చిన్న నల్ల కెమెరా. టెక్నికల్ సెక్షన్ వాళ్ళు తయారుచేసింది. కారు ముందు అద్దానికి అతికిస్తే చాలు, ఆ కారు ఎక్కడ తిరిగిందీ, లోపల ఎవరేం మాట్లాడిందీ అంతా డిపార్ట్‌మెంటుకి చేరిపోతుంది.

"కొనేదెవరు?" అన్నాడు మౌని. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు.

"కాంట్రాక్టర్. విదేశీ ముఠాకి ఇక్కడి పెద్ద తలకాయ. మన రాడార్ ఇంజనీరమ్మని ఎత్తుకుపోబోతున్నాడు. ఎప్పుడో, ఎక్కణ్ణించో తెలీదు. అతని సెక్రటరీ, మనం సెంటు అని పిలిచే అమ్మాయి, మన మనిషే."

"మన మనిషేనా?"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "వాళ్ళ కబుర్లు మనకి చెబుతోంది. మన కబుర్లు వాళ్ళకీ చెబుతోందేమో. ఎప్పుడో ఒకప్పుడు తేలుతుంది."

మౌని పెట్టుడు మీసంతో కార్ల సామాన్ల షాపులో సేల్స్‌మన్‌గా చేరాడు. ఏది చేసినా అరకొరగా చెయ్యలేడు. డాష్ కెమెరాల గురించి దొరికిందల్లా చదివాడు. రెండ్రోజుల తర్వాత ముందు అత్తరు వాసన వచ్చింది, తర్వాత సెంటు వచ్చింది, ఆమె వెనకాల కాంట్రాక్టర్ వచ్చాడు.

"కూరగాయల మార్కెట్ దగ్గర బండి ఆపానయ్యా. ఎవడో తలుపు మీద బారెడు గీత గీకి పోయాడు. నాకు నిద్ర లేదు," అన్నాడు కాంట్రాక్టర్, ఇంట్లో ఎవరో పోయినట్టు.

మౌని డిపార్ట్‌మెంటు కెమెరా ముందుకి జరిపాడు.

"దీని మీద కంపెనీ పేరే లేదేం?" కాంట్రాక్టర్ దాన్ని పక్కకి నెట్టేశాడు. "నిజం చెప్పు బాబూ. నీ సొంత కారుకైతే ఏది పెట్టుకుంటావు?"

నిజం చెప్పమని మౌనిని అడిగినవాళ్ళు ఏళ్ళ తరబడి లేరు. అబద్ధాలు వందల కొద్దీ సిద్ధంగా ఉన్నాయి. అడిగినవాడు శత్రువు. అయినా నోరు మాట వినలేదు.

"లోపల బ్యాటరీ ఉన్నది వద్దు సార్, ఎండకి ఉబ్బిపోతుంది. కెపాసిటర్ ఉన్నది తీసుకోండి. చీకట్లో నెంబర్ ప్లేటు చదవగలగాలి. మెమరీ కార్డు మామూలుది కాదు, రోజూ చెరిపి రాసినా తట్టుకునేది వెయ్యండి. బండి ఆపినప్పుడు పార్కింగ్ మోడ్ ఉండాలి. లోపలా బయటా ఏది కదిలినా మీ ఫోనుకి వీడియో వస్తుంది. కారు బ్యాటరీ మరీ తగ్గిపోకముందే తనంతట తానే ఆగిపోవాలి. లేకపోతే పొద్దున బండి కదలదు." ఒక పెట్టె తీసి ఇచ్చాడు. "ఇదీ."

కాంట్రాక్టర్ మొహం విచ్చుకుంది. సెంటు మాత్రం మౌని వైపు వింతగా చూసింది.

చీఫ్ తిట్టిన తిట్లు కాయితం మీద పెట్టేవి కావు. చివరికి ఇంకో పథకం వేశారు. కాంట్రాక్టర్ బయల్దేరే ముందు సెంటు మౌనిని కారు వెనక సీటు కింద దుప్పటి కప్పి దాస్తుంది. బండి ఆగగానే కెమెరా వైరు లాగేస్తుంది. మౌని మెమరీ కార్డు కాపీ చేసుకుని దిగిపోవాలి. పని మీద వెళ్ళేటప్పుడు ఫోను తీసుకెళ్ళకూడదన్నది డిపార్ట్‌మెంటు రూలు.

కారు నడుస్తుండగా కాంట్రాక్టర్ గొంతు తల మీదే వినిపించింది.

"ఇంజనీరమ్మ పంటి డాక్టర్ దగ్గరికి వచ్చేసింది. మత్తు ఇంజెక్షన్, స్ట్రెచర్, వెనక లిఫ్టు. కింద అంబులెన్సు. నేను ఎదురుగా లేకుండా సూది ముట్టుకోవద్దని చెప్పావా ఆ డాక్టర్‌కి?"

"చెప్పాను సార్," అంది సెంటు.

ఇవాళే. ఇప్పుడే. దుప్పటి కింద మౌని ఊపిరి బిగబట్టాడు. కారు సెల్లార్‌లోకి దిగి స్తంభం పక్కన ఆగింది. ఇద్దరూ దిగారు. తలుపులు లాక్ అయ్యాయి. సెంటు మడమల చప్పుడు వెనక్కి తిరగకుండా దూరమైపోయింది.

దుప్పటి చిరుగులోంచి చూశాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. వైరు అలాగే ఉంది.

మర్చిపోయిందా? అమ్మేసిందా?

వెనక తలుపులకి చైల్డ్ లాక్. లోపల్నుంచి తెరుచుకోవు. ముందుకి పాకాలంటే ఆ కంటి ముందే పాకాలి. అది చీకట్లో చూస్తుంది, వేడికి చావదు. అందులో లోపమేదైనా ఉందేమోనని వెతికాడు. లేదు. తనే ఏరి పెట్టాడు. దుప్పటి ముక్కుకి అంటుకుంటోంది. మోకాలు తిమ్మిరెక్కింది. చెమట చుక్క చెవిలోకి జారుతుంటే దాన్ని కూడా శత్రువులాగే చూశాడు.

ఇదేం కొత్త కాదనిపించింది. ఇన్నేళ్ళూ తను బతికింది ఇలాగే. పడుకున్నట్టు కనబడుతూ పడుకోకుండా, ఎవరైనా కదిలితే మేలుకుంటూ, తను మాత్రం కదలకుండా. కదలకపోవడాన్నే ధైర్యమనుకున్నాడు. మంచి సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. ఇప్పుడూ కదలకపోతే బతుకుతాడు. పైన ఒక మనిషి చెంప పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలుతుంది, అంతే.

కాంట్రాక్టర్ ఎదురుగా లేకపోతే సూది పడదు. కాంట్రాక్టర్ని అక్కణ్ణించి లేపగలిగింది ఈ భూమ్మీద ఒక్కటే.

మౌని దుప్పటి తీసేశాడు. లేచి కూర్చుని కెమెరా కంట్లోకి చూశాడు. తర్వాత తలుపుని బలమంతా పెట్టి తన్నాడు. మళ్ళీ తన్నాడు.

లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీంచి రొప్పుతూ వచ్చాడు కాంట్రాక్టర్. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో పిస్తోలు.

"తన్నకురా, ప్యానెల్ లోపలికి పోతుంది."

పిస్తోలు అద్దానికి గురిపెట్టాడు. అద్దాన్ని చూశాడు. మనసొప్పలేదు. ఫోను జేబులో పడేసి, రిమోట్ నొక్కి తలుపు లాగాడు. మౌని రెండు కాళ్ళతో ఒక్క తోపు తోశాడు. తలుపు కాంట్రాక్టర్ మోకాళ్ళకి తగిలి, అతను పక్కకి పడగానే వెళ్ళి స్తంభానికి కొట్టుకుంది. రంగు పెచ్చు లేచిపోయింది. కాంట్రాక్టర్ చూపు పిస్తోలు మీంచి పెచ్చు మీదికి వెళ్ళింది. ఆ పాటి వ్యవధి చాలు. మౌని అతని మణికట్టు మెలితిప్పి మెడ మీద మోకాలు పెట్టాడు.

మెట్ల మీంచి అత్తరు వాసన వచ్చింది. సెంటు, ఆమె చెయ్యి పట్టుకుని ఇంజనీరమ్మ. ఇంజనీరమ్మ నోటినిండా దూది.

"ఈయన దిగగానే డాక్టర్‌కి తొందర పుట్టింది," అంది సెంటు. "సూది ఆవిడ జాకెట్ చేతికి తగిలింది. నేను ట్రేతో వాణ్ణి కొట్టాను. ఎక్స్‌రే గదిలో పెట్టి గడియ వేసి, మీ చీఫ్‌కి ఫోను చేశాను."

"వైరు ఎందుకు లాగలేదు?"

"లాగుదామనే అనుకున్నాను," అంది సెంటు. "ఆయన నా చేతినే చూస్తున్నాడు. చెయ్యి వెనక్కొచ్చేసింది. పైన ఆయన ఫోన్లో నువ్వు లేచి కూర్చోవడం చూశాను. అది చూడకపోతే నేనూ కూర్చునే ఉండేదాన్నేమో."

అది మౌనికి బాగా తెలిసిన సంగతే.

డిపార్ట్‌మెంటు మనుషులు బేడీలు వేసి తీసుకెళ్తుంటే కాంట్రాక్టర్ మౌని ముందు ఆగాడు. మీసం లేని మొహాన్ని ఎగాదిగా చూసి పోల్చుకున్నాడు.

"కెమెరా మాత్రం మంచిదే ఇచ్చావయ్యా," అన్నాడు.

ఇన్నేళ్ళ సర్వీసులో మౌని పనిని ఒక మనిషి నోరు తెరిచి మెచ్చుకోవడం అదే మొదటిసారి.