గాలి గొట్టం

డిసెంబరు పొద్దున మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి యోనా కంపెనీ క్వార్టర్ వెనుక ఖాళీ జాగాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గోదావరిఖనిలో ఇరవై తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు మొరాయిస్తే మెడికల్ అన్‌ఫిట్ అయిన మనిషి. ఆ ఉద్యోగం కొడుకు ఆకాశ్‌కు వచ్చింది. సోమవారం చేరాలి. చేరకపోతే ఉద్యోగమూ పోతుంది, ఈ క్వార్టరూ పోతుంది.

కొడుకుగారి ధ్యాసంతా కుక్కల మీదే! ఆదివారం స్టేడియంలో కుక్కల పోటీ. వెదురు కర్రల మీంచి దూకాలి, వాలు పలక ఎక్కి దిగాలి, గొట్టంలోంచి దూరి రావాలి. బాయిలోకి గాలి పంపే పాత గుడ్డ గొట్టం ఒకటి సంపాదించి, వెదురు బద్దల చుట్లు వేసి నిలబెట్టాడు ఆకాశ్.

అతని రెండు కుక్కల్లో టైగర్ సైగ చేయకముందే ఎగిరి దూకేస్తుంది. దాన్ని ఆపడమే పని. పింకీ గొట్టం మూతి దాకా వచ్చి, తోక ముడిచి, ఆకాశ్ ముఖం చూస్తుంది. అతను అటువైపు నేల మీద బోర్లా పడుకుని, రొట్టె ముక్క చూపుతూ, "నిమ్మళంగ రా బిడ్డా, ఫికర్ లేదు" అని పిలుస్తాడు. మూడు వారాలుగా ఇదే తంతు.

"టైగర్‌కొక తీరు, దీనికొక తీరా?" అన్నాడు యోనా.

"దాని గుణం వేరు బాపు. టైగర్‌ను పట్టి ఆపాలె. దీని కోసం మనమే ఆగాలె."

"గిట్ల ముద్దు చేస్తే ఎన్నటికి దూరదు. భయపడేటోన్ని ఎనక దారి మూసి తోలాలె. బాయిల సర్దార్ నన్ను గట్లనే దింపిండు."

ఆకాశ్ ముఖం పాలిపోయింది. నెల కిందట ట్రైనింగుకు బాయి దిగి, గంటలోనే వణుకుతూ పైకి వచ్చేశాడు. ఆ రోజు నలుగురి ముందూ యోనా, "నా ఇజ్జత్ తీసినవ్" అని అరిచాడు.

యోనా భార్య సువార్త చాయ్‌కి పిలిచింది. కొడుకు లోపలికి వెళ్లగానే యోనా లేచి, పింకీని గొట్టంలోకి నెట్టి, వెనుక మూతికి గోనెపట్టా బిగించి కట్టేశాడు. లోపల ఒక్క కేక. గొట్టం గిలగిలా కొట్టుకుని, ముందువైపు మెలిపడి, ఆగిపోయింది.

ఆకాశ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం జేసినవ్ బాపు!"

"దాని మంచికే. వస్తది."

"ఎటు వస్తది? ముందట మెలిపడ్డది, ఎనక నువ్వు మూసినవ్! నన్ను గూడ గిట్లనే జేస్తున్నవ్. సోమవారం పోత, నీ ఇజ్జత్ కోసం పోత. లోపల నాకేమైనా నువ్వు కుర్చీల కూసోని చూడు!"

"పిలగాడు నెల సంది నిద్ర పోతలేడు," అంది గుమ్మంలోంచి సువార్త. "నీకు కనవడ్తలేదు."

యోనా గోనెపట్టా పీకేసి, మోకాళ్ల మీద గొట్టంలోకి దూరాడు.

"బాపూ, నీకు ఊపిరాడదు!"

దగ్గుతూనే పాకాడు. చీకట్లో చేతికి వెచ్చటి ఒళ్లు తగిలింది. పింకీ కరవలేదు, పెనుగులాడలేదు. వణుకుతోంది. ఆ వణుకు యోనాకు బాగా తెలుసు. బాయిలో మొదటి రోజు తన ఒళ్లూ ఇలాగే వణికింది. మరునాడూ వణికింది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న సువార్తకు కూడా.

పింకీని గుండెకు హత్తుకుని, వెనక్కి పాకుతూ బయటపడి, అక్కడే కూలబడ్డాడు. దగ్గు తెరలోంచే ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు గూడ భయమేరా ఆకాశ్. దిగిన ప్రతి షిఫ్టు భయమే. అలవాటైతదన్నరు. కాలే."

ఆకాశ్ తండ్రి వీపు నిమురుతూ అన్నాడు, "క్వార్టర్ పోతది బాపు."

"పోనీ. సోమవారం నువ్వు పోకు."

సువార్త ఏటేటా తన చేత్తో సున్నం వేసిన గోడలను ఒకసారి తడిమి చూసుకుంది.

ఆదివారం పోటీకి టైగర్ ఒక్కటే వెళ్లింది. పింకీ చాలా రోజులు గొట్టం దరిదాపులకు రాలేదు. సామాను కట్టే రోజు వరకూ యోనా ప్రతి పొద్దునా గొట్టానికి అటువైపు నేల మీద బోర్లా పడుకుని, రొట్టె ముక్క చేత పట్టుకుని, "నిమ్మళంగ రా బిడ్డా" అని పిలిచేవాడు. చివరి రోజున పింకీ ముందుకాళ్లు రెండూ లోపల పెట్టి ఆగింది. బయట సామాను ఎక్కించిన ట్రాలీ ఆటో హారన్ కొడుతోంది. యోనా కదలలేదు.