చెవిగుడ్డలు

“విన్నదే. నీరు లేదు,” అంది గట్టుచెవి.

తాయారు తూము ముందు అలాగే నిలబడిపోయింది. ఇది నాలుగో రోజు. తాను కళ్లారా చూసిందే చెప్పింది:

పొట్ట పైరులో
ఒంటి కొంగ నడక
అలే లేవదు

ఆ కొంగ ఇంకా అక్కడే ఉంది.

రెండో పంట దాళ్వా పైరు పొట్ట మీదుంది, కంకి ఇంకా బయటికి రాలేదు. ఇంకో వారం తడి అందకపోతే వచ్చేవన్నీ తాలు కంకులే. ఈ ఎకరన్నర తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

కాలవకు చెవులు పెట్టి, అంటే తూముకో మాట వినే యంత్రం బిగించి, పదకొండేళ్లయింది. అంతకుముందు చేలల్లో తేమ కొలిచే తడిపుల్లలు ఉండేవి. రైతులు వాటికి ప్లాస్టిక్ సంచులు తొడిగి, చేను ఎండిందని యంత్రాన్ని నమ్మించి, వంతుకు మించి నీళ్లు లాగేవారు. అందుకని పద్ధతి మార్చారు. పొద్దున్నే ఎవరి తూము దగ్గర వాళ్లు నిలబడి, పైరులో ఆరోజు చూసినదాన్ని పదిహేడు అక్షరాల హైకూగా చెప్పాలి. చేనుకు రాని మనిషి రోజుకో కొత్త మాట చెప్పలేడని, వచ్చే మనిషి నీళ్లు వృథా చేయడని యంత్రం కట్టినవాళ్ల నమ్మకం. ఒకరు చెప్పింది మరొకరు చెబితే తూము తెరుచుకోదు; ఎంత కొత్త మాటైతే అన్ని రోజుల నీరు. చూశారా లేదా అన్నదే గట్టుచెవికి కావాలి. ఏం చూశారన్నది దానికి అక్కర్లేదు.

అప్పటినుంచి గట్లమీద నడిచేవాళ్లంతా చెవులకు గుడ్డ బిగించుకుంటున్నారు. పక్కవాడి మాట చెవిన పడితే దొంగతనం అంటగడతారని భయం.

అబ్బులు ఒక్కడే గుడ్డ లేకుండా కూర్చుని ఉన్నాడు. అతని చేను తాయారు చేనికి ఎగువన. చెవులు ఎగువనుంచి వరసగా తెరుచుకుంటాయి కాబట్టి ముందు పలికేది అతనే. అతని తూములో నీళ్లు గలగలమంటున్నాయి.

తాయారు తన గుడ్డ వదులు చేసుకుని అడిగింది. “చెవిగుడ్డేది బాబాయ్?”

“ఉతికి ఆరేశానే.”

“నాలుగు రోజుల్నించీ ఆరతానే ఉందా?”

“పాత గుడ్డ గదా, నా లాగే. నెమ్మదిమీద ఆరద్ది.”

అతను నవ్వాడు. తాయారు నవ్వలేదు. అతని గట్టుమీదుగా వస్తూ, వేళ్లమీద అక్షరాలు లెక్కపెట్టుకుంటూ పైకే గొణుక్కోవడం తనకు అలవాటని అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు చెవిగుడ్డ వదులుగానే ఉంచుకుని, పెదవులు బిగించి నడిచింది. అబ్బులు తన తూము దగ్గర చాలాసేపు తడబడి ఏదో పాత మాట చెప్పాడు. “విన్నదే. నీరు లేదు.” దొంగ దొరికాడనుకుంది తాయారు. ఆ రోజు ఆమె తూము తెరుచుకుంది.

తిరిగి వస్తుంటే అబ్బులు చేను నడిమధ్య ఒక మచ్చ కనబడింది. పైరు రసం పీల్చే దోమపోటేమో అనిపించింది. చెప్పాలనీ అనిపించింది. కానీ చెబితే ఆ మాట అతనిదవుతుంది. పైగా తన చేలో మచ్చ తనకు కనబడదా? రేపటికి దాచుకుంటున్నాడు, అంతే.

మర్నాడు అతను దాని ఊసెత్తలేదు. తాయారు తన వంతు రాగానే గబగబా చెప్పేసింది:

పచ్చని చేలో
చాటంత ఎండుమచ్చ
ఎండే రాలేదు

“చూసినది. మూడు రోజులు నిండు నీరు.”

నాలుగోనాడు ఆమె మడిలోనే మచ్చ పడింది. దుబ్బు పాయదీసి చూస్తే మొదళ్లనిండా దోమ. నీళ్లు నిలిచిన మడిలో అది తామరతంపరగా పెరిగింది. తాయారు అబ్బులు గట్టుకు పరిగెత్తింది.

“చేలో మచ్చ చూసి కూడా నోరు మెదపవేం బాబాయ్?”

“ఏం మచ్చే?”

అతను ఆమె వైపు తిరిగాడు. కానీ చూపు ఆమె భుజం పక్కగా ఎక్కడికో పోయింది. తాయారు అతని కళ్ల ముందు చెయ్యి ఆడించింది; రెప్ప కదల్లేదు.

“ఎన్నాళ్లయింది?”

“మసకలు రెండేళ్లు. ఇంతోటి చీకటి మొన్న సంక్రాంతెల్లాక,” అన్నాడు అబ్బులు. “చూపు లేనోడికి తూమెందుకని మూసేత్తారు గదే. నీ నోటెంట వచ్చిందే నా చూపు. తప్పే. నువ్వు పలకటం మానేశాక ఇంకేం తెలవలేదు.” చేత్తో గడ్డి తడుముకుంటూ మెల్లగా అడిగాడు. “నా చేలో ఏవుందే తాయారూ?”

“దోమ. మంచవంత మేర మాడిపోయింది.”

అతను చప్పున లేచాడు. “నీళ్లు తీసెయ్! ముందు గండి కొట్టు. పైవోళ్లక్కూడా చెప్పు, ఇయ్యాళ ఎవరూ నీళ్లెట్టకూడదు!”

తాయారు పార తెచ్చి రెండు చేలకూ గండి కొట్టింది. ఆ బురదకాళ్లతోనే ఎగువకు పరిగెత్తింది. కాలవ పొడుగునా తమ వంతు కోసం జనం నిలబడి ఉన్నారు.

“దోమ పడిందండీ! నీళ్లు పెట్టకండి! మొదళ్లు చూసుకోండి!”

మొదటివాడు ఆమె పెదవులు కదలడం చూశాడు. గుడ్డ ముడి ఇంకాస్త బిగించుకుని మొహం తిప్పుకున్నాడు. అతన్ని చూసి ఆ పైవాడు, అతన్ని చూసి ఆ పైవాడు.

వాళ్ల వెనక తూములు ఒకటొకటే తెరుచుకుంటున్నాయి.