తడిగడ్డి పేర్చను

“ప్రాసర్ గారి పొలానికి ఎటు వెళ్లాలి?”

హెట్టీ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. గుర్రబ్బండి మీద కూర్చున్న యువకుడు ఆమెను టోపీ నుంచి బూట్ల దాకా చూశాడు గానీ నోరు విప్పలేదు.

“చెవుడా?”

“కాదు. చెప్పకూడదు.”

“ఎందుకట?”

“కొత్తవాళ్లు దారి అడిగితే చెప్పొద్దని ఊరంతా కాగితాలు అంటించారు. మీరు జర్మన్ గూఢచారి అయితే?”

హెట్టీకి ఒళ్లు మండిపోయింది. స్టేషన్ నుంచి నాలుగు మైళ్లు వానలో నడిచి వచ్చింది. శత్రువు దిగితే దారి తెలియకూడదని రోడ్ల మీది పలకలన్నీ ఎప్పుడో పీకేశారు. శత్రువు సంగతేమో గానీ హాలిఫాక్స్ నుంచి వచ్చిన ఉన్ని మిల్లు పిల్ల మాత్రం రెండుసార్లు దారి తప్పింది.

“గూఢచారి సూట్‌కేసు మోసుకుంటూ ఇంత బురదలో ఆవుల పేడ ఎత్తడానికి వస్తుందా? నేను ల్యాండ్ గర్ల్‌ని, యుద్ధం రోజుల్లో పొలం పనికి ప్రభుత్వం పంపిన పిల్లని. ఈ ఆకుపచ్చ స్వెటరు కనబడటం లేదూ?”

“స్వెటరు ఎవరైనా కొనుక్కోవచ్చు.”

“బట్టల రేషన్ కూపన్లు నువ్విస్తావా?”

అతను నవ్వు ఆపుకోవడానికి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత గుర్రాన్ని అదిలించాడు.

“దారి నేను చెప్పను. నా బండి వెనక ఎవరైనా నడిచొస్తే మాత్రం ఆపను.”

“మరి సూట్‌కేసు?”

“అది గూఢచారి కాదుగా. ఎక్కించండి.”

సూట్‌కేసు దర్జాగా బండిలో, దాని యజమానురాలు తడుస్తూ వెనకాల. మైలు దూరం అలా నడిచాక బండి ఒక గేటులోకి తిరిగింది. అదే ప్రాసర్ గారి పొలం. ఈ మహానుభావుడు ప్రాసర్ గారి ఒక్కగానొక్క కొడుకు ఐవర్. ఆ సంగతి కూడా అతను చెప్పలేదు, వాళ్ల నాన్న ‘ఐవర్!’ అని కేకేస్తే తెలిసింది.

నోట్లో నాలుక లేని మనిషి అంటే ఎలా ఉంటాడో హెట్టీ ఆ హెర్‌ఫర్డ్‌షైర్ పల్లెలోనే చూసింది. నాలుక మొత్తం తండ్రికే వచ్చింది. రూబెన్ ప్రాసర్ లేచింది మొదలు కారాలు మిరియాలు నూరుతూనే ఉంటాడు. ఇద్దరు పాలేళ్లు సైన్యంలోకి పోయారు. వాళ్ల బదులు ప్రభుత్వం ఆడపిల్లను పంపిందని ఆయనకు పీకల దాకా కోపం.

“మగ్గం ముందు కూర్చునే పిల్లకి పొలం పనేం తెలుస్తుంది?” అన్నాడు మొదటి రోజే.

“మగ్గం ముందు ఎవరూ కూర్చోరండీ. పది గంటలు నిలబడాలి,” అంది హెట్టీ.

మొదటి నెలలో ఆమె చేతులు బొబ్బలెక్కాయి, పగిలాయి, గట్టిపడ్డాయి. ఆవు రెండుసార్లు తన్నింది. మూడోసారి తన్నబోతే హెట్టీ దాని ముఖంలో ముఖం పెట్టి తన సొంతూరి యార్క్‌షైర్ తిట్లు తిట్టింది. ఆవుకు ఏం అర్థమైందో గానీ ఆ తర్వాత బుద్ధిగా పాలిచ్చింది. చాటు నుంచి ఐవర్ విన్నాడు.

“మళ్లీ తిట్టండి. గుర్రానిక్కూడా పనికొస్తాయి.”

“నీకూ పనికొస్తాయి. వరసలో నిలబడు.”

రోజూ సాయంత్రం ఆమె బూట్లు బురదలో నాని ముద్దయ్యేవి. రోజూ పొద్దున పొయ్యి పక్కన పొడిగా, లోపల పాత కాగితాలు కుక్కి ఉండేవి. మిసెస్ ప్రాసర్ పనేమో అనుకుని థాంక్స్ చెబితే ఆవిడ పక్కున నవ్వింది.

“నేనా? నా బూట్లే నేను చూసుకోను. మా ఇంట్లో ఒక మూగవాడున్నాడు, వాణ్ణడుగు.”

హెట్టీ అడిగింది. ఐవర్ చెవులు ఎర్రబడ్డాయి. “తడి బూట్లేసుకుంటే జ్వరమొస్తుంది. జ్వరమొస్తే పాలు ఎవరు పితుకుతారు?” అని గొణిగి వెళ్లిపోయాడు. ఆ రోజంతా హెట్టీకి ఏ పనీ బరువనిపించలేదు. అతనంటే ఇష్టమని ఆమెకు తెలిసిపోయింది.

జూన్‌లో గడ్డి కోతలు వచ్చాయి. ఆ ఊళ్లో గడ్డివామి వేయడమంటే మాటలు కాదు. కింద నుంచి గడ్డి ఎవరైనా ఎత్తి వేస్తారు. పైన నిలబడి పేర్చేవాడే మొనగాడు. నడిమి భాగం ఎప్పుడూ ఎత్తుగా ఉండాలి, మూలలు నిటారుగా లేవాలి. వామి పక్కకు ఒరిగి కర్రలు ఆనించాల్సి వచ్చిందా, ఆ రైతు ఏడాది పొడుగునా పబ్బులో తల ఎత్తలేడు. రూబెన్‌కి మోకాళ్ల నొప్పులు. ఐవర్ బండి దగ్గరుండాలి. ఇక గత్యంతరం లేక హెట్టీని పైకి ఎక్కించాడు.

రెండు రోజుల్లో వామి సగం లేచింది. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి మరీ మూలలు చూశారు. రూబెన్ పైకి చూసి గొంతు సవరించుకున్నాడు. తిట్టలేదు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు రాదు.

మూడో రోజు మధ్యాహ్నం వేల్స్ కొండల మీద నల్లటి మబ్బు లేచింది. రూబెన్ కంగారుపడి ముందు రోజే కోసిన క్లోవర్ గడ్డిని కూడా బండ్లకెత్తించాడు. మొదటి మోపు పైకి రాగానే హెట్టీ గుప్పెడు తీసి మెలిపెట్టింది. కాడల్లోంచి చెమ్మ చేతికంటింది.

“ఇది తడిగడ్డి. పేర్చను,” అంది పై నుంచి.

“ఏంటీ?”

“మా మిల్లులో తడి ఉన్ని మూట కడితే లోపల ఉడికిపోతుంది. ఓసారి అంటుకుంది కూడా. ఇదీ అంతే.”

రూబెన్ ముఖం కందగడ్డ అయింది. “నలభై ఏళ్లుగా వాములు వేస్తున్నాను! మూడు నెలల కిందట ఆవుకి ఎటు కూర్చోవాలో తెలియని పిల్ల నాకు చెబుతుందా? పేర్చు, లేకపోతే దిగు!”

హెట్టీ నిచ్చెన పట్టుకుని దిగింది. దిగుతూ ఐవర్ వైపు చూసింది. పంగలకర్ర పట్టుకుని అతను నేల చూపులు చూస్తున్నాడు. రూబెన్ మూలుగుతూ పైకెక్కాడు. ఐవర్ ఒక్కో మోపూ ఎత్తి తండ్రికి అందించాడు.

వాన వచ్చింది. పొలం మీద, వామి మీద, హెట్టీ, ఐవర్ నిలబడ్డ పాక మీద దబదబా కురిసింది.

“అది తడి అని నీకు తెలుసా?” అని హెట్టీ అడిగింది.

“తెలుసు.”

“మరి?”

“నాన్నతో వాదించి ఎవరు గెలిచారు?”

“నేను గెలవలేదు. కానీ వాదించాను. బూట్లు ఆరబెట్టడం బాగానే వచ్చు నీకు, ఐవర్. పక్కన నిలబడటమే రాదు.”

హెట్టీ వానలోకి నడిచింది. కళ్లలో నీళ్లను వాన మీదికి నెట్టేసింది.

అదే సాయంత్రం రూబెన్ ఉత్తరం రాశాడు. ఈ పిల్ల చెప్పిన మాట వినదు, తీసుకుపొమ్మని. పన్నెండు రోజుల తర్వాత శనివారం వస్తానని ల్యాండ్ గర్ల్స్ బాగోగులు చూసే మిసెస్ డాకర్ జవాబిచ్చింది. మాట వినని పిల్ల అనే మచ్చ పడితే ఏ రైతూ పనిలో పెట్టుకోడు. మళ్లీ మిల్లు, మళ్లీ ఆ దుమ్ము. హెట్టీకి ఈ నేల కావాలి. ఆ మూగవాడు కూడా కావాలి, అదే ఆమె బాధ. అయినా బతిమాలదలుచుకోలేదు.

శనివారం పొద్దున మిసెస్ డాకర్ చిన్న కారు దిగేసరికి వామి నెత్తిన ఆవిరి లేస్తోంది. గాలి నిండా కాలిన చక్కెర వాసన.

“చూశారా మేడమ్!” అన్నాడు రూబెన్. “ఈవిడగారు వేసిన వామి! పొగలు కక్కుతోంది!”

“కింది సగం నాది, పై సగం మీది,” అంది హెట్టీ. “తడిగడ్డి పేర్చనని దిగిపోయాను.”

“నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్న రైతు మాట నమ్ముతారా, ఈ పిల్ల మాట నమ్ముతారా?”

మిసెస్ డాకర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?”

హెట్టీ ఐవర్ వైపు చూడలేదు. కావాలనే గేటు వైపు తిరిగి నిలబడింది. చెబితే తనంతట తాను చెప్పాలి.

“నేనున్నాను.”

ఆ గొంతు అంత పెద్దగా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

“ఆ గడ్డి తడిగా ఉంది. ఈమె వద్దంది. నాన్న వినలేదు. తడి అని తెలిసి కూడా ఎత్తి వేసింది నేను. తప్పులో సగం నాన్నది, సగం నాది. ఈమెది గడ్డిపరకంత కూడా లేదు.”

“ఒరేయ్!” రూబెన్ ఒంటికాలి మీద లేచాడు. “కన్న తండ్రిని పరాయివాళ్ల ముందు...”

“ఈమె పరాయిది కాదు నాన్నా. నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్న మనిషి. ఆమె ఒప్పుకుంటుందో లేదో తెలియదు. ఒప్పుకోకపోయినా నేను చెప్పింది నిజమే.”

మిసెస్ ప్రాసర్ గుమ్మంలో నిలబడి ఏప్రన్‌తో నోరు మూసుకుంది.

హెట్టీ వామి వైపు చేయి చూపింది.

“పెళ్లి మాట తర్వాత. ముందు గడ్డి కోసే కత్తి తే. ఇంకో గంట ఆగితే పెళ్లికి మిగిలేది బూడిదే.”

“ఆడపిల్ల పైకెక్కొద్దు! లోపల కాలి గుల్లైతే వామి కూలిపోతుంది!” అని రూబెన్ అరిచాడు.

“ఏ మూల ఎలా కట్టానో నాకు తెలుసు. మీకు తెలుసా?”

హెట్టీ నిచ్చెన ఎక్కేసింది, వెనకే ఐవర్. బారెడు కత్తితో కోసుకుంటూ లోపలికి దిగారు. నడిమి గడ్డి నల్లటి టీ రంగుకి తిరిగి చేతులు కాల్చింది. కింద రూబెన్, మిసెస్ ప్రాసర్ దాన్ని లాగి పొలంలో పరిచి నీళ్లు చల్లారు. మిసెస్ డాకర్ కూడా గ్లోవ్స్ తీసి కారులో పడేసి పంగలకర్ర అందుకుంది. మధ్యాహ్నానికి పై సగం నేల మీదికి వచ్చింది. కింది సగం చెక్కుచెదరలేదు.

మసి కొట్టుకున్న ముఖాలతో ఇద్దరూ పైనే కూలబడ్డారు.

“పన్నెండు రోజులు పట్టింది నీకు నోరు తెరవడానికి,” అంది హెట్టీ.

“ఇరవై ఆరేళ్లు పట్టింది,” అన్నాడు ఐవర్. “ఇప్పుడు మూయడం రావడం లేదు. నువ్వంటే ప్రాణం హెట్టీ. పొద్దున గేటు వైపు తిరిగి నిలబడ్డావే, అప్పుడు నా మీద నాకే అసహ్యమేసింది. పెళ్లి చేసుకుంటావా?”

“చేసుకుంటాను. కానీ విను. యుద్ధం అయిపోయి మగాళ్లందరూ తిరిగొచ్చాక కూడా నన్ను వంటింట్లోకి తోసేయకూడదు. ఈ పొలంలో వామి ఎక్కేది నేనే. కాదన్నవాడు నువ్వైనా సరే, నిచ్చెన తీసేస్తాను.”

“నువ్వు పైనుండి తీసేస్తావా, కిందనుండి తీసేస్తావా?”

“నువ్వు ఎక్కడుంటే దానికి రెండో వైపు నుంచి.”

కింద రూబెన్ దగ్గాడు. అన్నీ విన్నాడని ఆ దగ్గుతోనే తెలిసిపోయింది. ఆయన ఎవరినీ దీవించలేదు. మిసెస్ డాకర్ దగ్గరికెళ్లి, “మేడమ్, నా ఉత్తరం చించేయండి,” అని మాత్రం అన్నాడు.

మరో తొమ్మిది రోజులకు వాగు పక్క పొలంలో గడ్డి కోత అయింది. పడమట మళ్లీ మబ్బు పట్టింది. ఊళ్లో అందరూ పరుగు పరుగున బండ్లకెత్తుతున్నారు. రూబెన్ గుర్రాన్ని బండికి కట్టి పొలం దాకా తోలుకొచ్చాడు. గుప్పెడు గడ్డి తీసుకున్నాడు, వాసన చూశాడు, ఆకాశం చూశాడు. తర్వాత కుంటుకుంటూ హెట్టీ దగ్గరికొచ్చి ఆ గుప్పెడూ ఆమె ముందు చాచాడు.

“అమ్మాయ్, ఆరిందంటావా?”

హెట్టీ మెలిపెట్టి చూసింది. “లేదు మిస్టర్ ప్రాసర్. రేపు.”

“వానొస్తే?”

“తడుస్తుంది. మళ్లీ ఎండబెడదాం.”

రూబెన్ ఒకసారి మబ్బును, ఒకసారి పరుగులు తీస్తున్న ఊరిని చూశాడు. వెళ్లి గుర్రాన్ని విప్పేశాడు.